నీళ్లలో కెమెరా, గట్టున నేను

మా మామయ్యగారికి గేలం వెయ్యడమంటే సరదా. గణపవరం పక్కన ఊళ్లో మాకు వరిచేలున్నాయి, చేపల చెరువులూ ఉన్నాయి. పట్టుబడి రోజున లారీకెత్తే చేపలు చూసే మనిషి, చేల మధ్య ఎవరూ పట్టించుకోని చిన్న పాత చెరువు గట్టున కూర్చుని ఒక్క మట్టగిడస కోసం పూటంతా ఎదురుచూస్తారు. "ఇంట్లో గోదావరి పెట్టుకుని బయట చెంబుతో తిరుగుతారేంటండీ" అని మా ఆయన వేళాకోళం చేస్తే, "మీ చెరువుల్లో చేపలకి మేతేస్తారు, ఇక్కడ నేను బతిమాలుకోవాలి, అదే తేడా" అనేవారు.

అత్తయ్యగారు పోయాక ఆయన ఆ గట్టు మీద గడిపే వేళ ఎక్కువైంది. ఫ్లాస్కులో టీ పట్టుకుని వెళ్లేదాన్ని. మొదట్లో గ్లాసు అందించి దూరంగా నిలబడేదాన్ని. ఒకరోజు ఆయన ఎటో చూస్తుండగా గేలం తాడుకి కట్టి నీళ్ల మీద తేలే బెండు మునిగింది. "మామయ్యగారూ, మునిగిందండీ!" అని అరిచాను. కర్ర ఎత్తేసరికి జెల్ల వేలాడుతోంది. ఆయన నన్ను తేరిపార చూసి, పక్కనున్న రెండో కర్ర నా చేతికిచ్చారు. అంతే. అప్పట్నుంచి నాకూ ఒక కర్ర, నాకూ ఒక బెండు. ఎర గుచ్చడం, తవుడు ముద్ద ఎంత గట్టిగా కలపాలి, నాచు లేని జాగా ఎలా పట్టాలి, అన్నీ ఆయనే నేర్పారు. తాడేపల్లిగూడెంలో మేడ మీద పెరిగినదాన్ని, పెళ్లయ్యేదాకా వానపామును ముట్టుకుని ఎరగను. "కోడలూ మామగారూ కలిసి చేపలు పడతన్నారంట" అని ఊళ్లో నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. గట్టు మీద మేమిద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆయన బెండూ నా బెండూ నేనే చూసేదాన్ని. మునిగితే చెప్పేదాన్ని. ఆయన లాగేవారు.

మా తోడికోడలు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేది. ఆఫీసులో కొంతమందిని తీసేశారట, అందులో ఆమె కూడా ఉంది. మా మరిది "కొన్నాళ్లు ఇక్కడుంటే మనసు కుదుటపడుతుంది వదినా" అని దింపి వెళ్లాడు. వచ్చిన దగ్గర్నుంచీ మేడ మీద గదిలోనే ఉండేది. తలుపు వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది. కంచం పైకి పట్టుకెళితే సగం అన్నం అలాగే కిందికొచ్చేది. అప్పుడు నాకు ఆమె మీద జాలే తప్ప ఇంకేమీ లేదు. ఇష్టమని పనసపొట్టు కూర కూడా చేసిపెట్టాను.

ఒక సాయంత్రం మామయ్యగారే అన్నారు: "రేపు చిన్నమ్మాయిని కూడా తీసుకురామ్మా."

తీసుకెళ్లాను. ఫోను చూసుకుంటూ కూర్చుంది. కాసేపయ్యాక తలెత్తి అడిగింది: "కింద ఏం జరుగుతోందో తెలీకుండా ఇంతసేపు ఎలా కూర్చుంటారండీ మామయ్యగారూ?"

"తెలిస్తే ఎందుకు కూర్చుంటామమ్మా?" అన్నారాయన. ఆమె నవ్వింది. మా ఇంటికొచ్చాక నవ్వడం అదే మొదలు.

తర్వాత కొద్దిరోజులకే పార్సిల్ వచ్చింది. విప్పితే బొటనవేలంత కెమెరా, దాని చుట్టూ చిన్న చిన్న లైట్లు, చాలా పొడుగు వైరు, వైరు చివర అరచేతి కన్నా కాస్త పెద్ద స్క్రీన్. నీళ్లలోకి వదిలితే చేపలు కనబడతాయట, రికార్డు కూడా అవుతాయట. మొదట పంటకాలువలో వదిలింది. స్క్రీన్ నిండా టీ రంగు. మా చేపల చెరువులో వదిలితే అంతా పచ్చన, మేత పిండి తప్ప ఏమీ లేదు. "మన కొల్లేటి నీళ్లలో ఇవన్నీ పని చెయ్యవులే" అన్నాను. లోపల ఎందుకో హాయిగా అనిపించింది. పాత చెరువులో నాచు ఎక్కువ, కదిలించేవాళ్లు లేరు, నీళ్లు తేరుకుని ఉంటాయి. అక్కడ వదిలేసరికి నా హాయి పోయింది.

కనబడింది. నాచు తీగలు మెల్లగా ఊగుతున్నాయి, పైనించి ఎండ ఏటవాలుగా దిగుతోంది, చిన్న చిన్న పరిగ చేపలు గుంపుగా వచ్చి కెమెరాని ముక్కుతో పొడుస్తున్నాయి. అబద్ధమెందుకు చెప్పాలి, నాకూ ఒళ్లు గగుర్పొడిచింది. ఇంతలో నా గేలం కనబడింది, దానికి వానపాము. ఒక శీలావతి చేప వచ్చింది. ఎరను నోట్లో పెట్టుకుని చప్పరించి, ఉమ్మేసి, తోక తిప్పుకుని వెళ్లిపోయింది. పైన నా బెండు వీసమంతైనా కదల్లేదు.

"అక్కా, మీ ఎర నచ్చలేదండీ దానికి!" అని ఆమె పకపకా నవ్వింది. మామయ్యగారు కూడా నవ్వారు. ఆయన నవ్వడమే నాకు ముల్లులా గుచ్చుకుంది.

అప్పట్నుంచి ప్రతి సాయంత్రమూ అదే వరస. ఎండకి స్క్రీన్ సరిగ్గా కనబడదని మామయ్యగారి తువ్వాలు ఇద్దరూ నెత్తిన కప్పుకుని కూర్చునేవారు. ఒకే తువ్వాలు కింద రెండు తలలు. "అదిగో మామయ్యగారూ, కొర్రమేను!" "అదిగో అదిగో, ఎంతుందమ్మా!" చేపలు బెదురుతాయని దగ్గు కూడా ఆపుకునే మనిషి చిన్నపిల్లాడిలా కేకలు వేస్తున్నారు. ఆయన కర్ర గట్టు మీద ఎండుతోంది. నేను అవతల నా బెండు చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఆయన బెండే లేనప్పుడు నా బెండు మీద కూడా చూపు నిలిచేది కాదు.

ఇంకోటి కూడా జరిగింది. అంతవరకూ ఆయన నన్ను "అమ్మాయ్" అని పిలిచేవారు. ఆ పిలుపు ఆమెకి వెళ్లిపోయింది, నేను "పెద్దమ్మాయ్" అయ్యాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నాకు మాత్రం అన్నం సయించలేదు.

ఆమె ఆ వీడియోలన్నీ నెట్‌లో పెట్టేది. ముక్కూ ముఖం తెలియనివాళ్లు బాగుందని రాసేవారు. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన కూడా ఫోనులో చూస్తూ "భలే తీసిందే!" అన్నారు. ఆయన కంచంలో ఉన్నది నేను పట్టిన చేపే. దాని గురించి ఒక్క మాట లేదు. ఆ వీడియోల్లో ఒకటి రెండు చోట్ల నా చెయ్యి కనిపిస్తుంది, ఎర గుచ్చుతూ.

పనుందని చెప్పి వెళ్లడం మానేశాను. ఎందుకు రావట్లేదని ఎవరైనా అడుగుతారని చూశాను. ఎవరూ అడగలేదు. ఆమె స్కూటీ వెనక ఎక్కి మామయ్యగారు వెళ్లిపోయేవారు. వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని.

చివరికి ఉండబట్టలేక ఒకరోజు టీ పట్టుకుని బయల్దేరాను. చెరువు దగ్గర సిగ్నల్ సరిగ్గా అందదు, ఆమె ఏదో ఫోనొచ్చి రోడ్డు మీదికి వెళ్లింది. మామయ్యగారొక్కరే తువ్వాలు కప్పుకుని స్క్రీన్ పట్టుకుని ఉన్నారు. నా అడుగుల చప్పుడు విని, "రా పెద్దమ్మాయ్. చూశావా, ఇందాకట్నుంచీ ఇక్కడే తిరుగుతోంది కొర్రమేను" అన్నారు.

వంగి చూశాను. స్క్రీన్ నల్లగా ఉంది.

"మామయ్యగారూ, ఇది ఆగిపోయిందండీ. చార్జింగ్ అయిపోయినట్టుంది."

ఆయన స్క్రీన్ పక్కన పెట్టి, కళ్లజోడు తీసి పంచె కొసతో తుడిచారు.

"నాకు ఎలిగినా ఆరినా ఒకలాగే ఉంటాదమ్మా. అంతా మంచు కప్పేసినట్టుంటాది. ఆ పిల్ల అదిగో అంటే నేనూ అదిగో అంటన్నాను."

"మరి బెండండీ?"

"బెండు కనబడక ఏడాది దాటింది. నువ్వు చెప్తన్నావు కదా."

ఏడాదిగా నేను చూసిపెడితే ఆయన లాగుతున్నారు. ఆయనకి నా చూపే ఆధారమని నాకే తెలియదు. గర్వంతో గుండె నిండిపోయింది. కాసేపటికి అడిగాను: "మరి కనబడనప్పుడు ఇదంతా ఎందుకండీ?"

"గది దిగొస్తోంది కదమ్మా. అన్నం తింటోంది. నాకేం పోయింది, రెండు కేకలు ఎక్కువేస్తే? దానికి చెప్పకు."

అలాగేనండీ అన్నాను. టీ పోసిచ్చాను. ఆయన తాగుతుంటే పక్కన కూర్చుని ఆలోచిస్తున్నాను. సంతోషించాల్సిన మాటే కదా. ఆయనా నేనూ మాత్రమే ఎరిగిన సంగతి మళ్లీ ఒకటి ఏర్పడింది. అయినా లోపల ఇంకో మంట రేగింది. ఆమె నవ్వాలని ఆయన కనబడని చేపను చూసినట్టు కేకలు వేశారు. నా కోసం ఆయన ఎప్పుడూ ఏదీ నటించలేదు. ఆ అవసరం రానివ్వకుండా నేనే మసలుకున్నానేమో, అది వేరే సంగతి. అప్పుడు నాకు తోచింది మాత్రం ఇదే.

కళ్ల సంగతి మా ఆయనకి చెప్పాను. కెమెరా ఊసెత్తకుండా, నాన్నగారికి చూపు మందగించిందని మాత్రం చెప్పాను. ఏలూరులో చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయన్నారు. మా ఆయనకి పట్టుబడి రోజులు, కదలడానికి లేదు. కారు నడపడం ఆమెకే వచ్చు. ముందు సీట్లో వాళ్లిద్దరూ, వెనక సీట్లో భోజనం క్యారేజీతో నేను. ఆసుపత్రిలో కౌంటర్ల చుట్టూ తిరగడం, డాక్టరుగారితో మాట్లాడడం అన్నీ ఆమే చేసింది. ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లేముందు నర్సు ఆమెను చూపించి అడిగింది: "మీ అమ్మాయాండీ?"

"అవునమ్మా" అన్నారు మామయ్యగారు.

"మరి ఈవిడండీ?"

"మా పెద్ద కోడలు."

అన్న మాటలో తప్పేముంది? నేను పెద్ద కోడలినే. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, ఆయన బయటికొచ్చేదాకా ఆ మాటే నమిలాను.

ఇంటికొచ్చాక చుక్కల మందు వేసే పని నేనే తీసుకున్నాను. "నేను వేస్తానక్కా" అని ఆమె వచ్చినా సీసా వదల్లేదు. రెండో కన్ను కూడా అయింది. డాక్టరుగారు బయట తిరగొచ్చు అన్నాక, నల్లద్దాలు పెట్టుకుని మామయ్యగారు మళ్లీ పాత చెరువుకి బయల్దేరారు. ముగ్గురం వెళ్లాం.

ఆమె కెమెరా వదిలి స్క్రీన్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన నల్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశారు. ఈసారి కేకలు లేవు. చాలాసేపు చూస్తూనే ఉన్నారు. తువ్వాలు జారిపోయినా ఎరగరు. చివరికి మెల్లగా అన్నారు: "దీని ఒంటి మీద ఇన్ని చారలుంటాయా? పొట్ట కింద ఆ తెలుపేంటమ్మా... నాచు కూడా ఇంత పచ్చగా ఉంటాదా లోపల?"

"రోజూ చూపించాను కదండీ మామయ్యగారూ" అంది ఆమె. అని, ఆగిపోయింది. ఆయన ముఖం చూసింది. ఆయన నా వైపు చూశారు. ఆమె కూడా నా వైపు చూసింది. నేను ఎర డబ్బా మూత పెట్టి తీసి, పెట్టి తీసి చేస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మామయ్యగారు ముందు నడుస్తున్నారు, తనంతట తానే, గట్టు చూసుకుంటూ. ఆమె నా పక్కకి వచ్చింది.

"మీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారు."

ఆమె ముందు నడుస్తున్న ఆయన్ని చూసింది. "మీ ఇద్దరూ ఇంతే అక్కా. నేను గట్టుకి వచ్చిన మొదటిరోజే చూశాను. మాటా పలుకూ లేకుండా కూర్చుంటారు, ఆయన టీ కోసం చూసేలోపే మీరు పోస్తారు. నాకు ఎంత కుళ్లుగా ఉండేదో తెలుసా? ఆ కెమెరా తెప్పించింది కూడా అందుకే. నాక్కూడా ఆయనకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలని."

నేనూ అంతే చెల్లీ అని ఉంటే ఎంత బాగుండేదో. "గట్టు జారుద్ది, చూసి నడు" అని చెయ్యి పట్టుకున్నాను. ఇల్లు చేరేదాకా ఆమె వదల్లేదు, నేనూ వదల్లేదు.

వానలు పడేసరికి ఆమెకి మళ్లీ ఉద్యోగం వచ్చింది. వెళ్లేటప్పుడు కెమెరా మామయ్యగారికే వదిలేసి వెళ్లింది. ఇప్పుడు ఆయన కొన్నాళ్లు కెమెరా వదులుతారు, కొన్నాళ్లు గేలం వేస్తారు. ఆయన బెండు మునిగితే నాకన్నా ముందు ఆయనే చూస్తున్నారు. "నీది కూడా మునిగింది, లాగమ్మా" అంటున్నారు. ఆయనకి చూపొచ్చిందని ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయినదాన్నే, ఆ మాట వింటే మాత్రం చేతిలోంచి ఏదో లాగేసుకున్నట్టుంటుంది.

పొద్దుగూకాక హైదరాబాదు నుంచి వీడియో కాల్ వస్తుంది. వీధి అరుగు మీద కూర్చుని మామయ్యగారు ఆ రోజు స్క్రీన్‌లో ఏం కనబడిందో ఆమెకి చెబుతారు. నాతో గట్టు మీద రోజంతా మాట్లాడనన్ని మాటలు అప్పుడు మాట్లాడతారు. నేను వంటింట్లో మిక్సీ ఆపి వింటాను. మధ్యలో ఆమె "అక్కేదండీ?" అని అడుగుతుంది. "లోపలుందమ్మా, పిలవనా?" అంటారాయన. పిలిచేదాకా ఆగి, చేతులు తుడుచుకుని అప్పుడు బయటికి వెళతాను.