ఏసోబు మామ అడిగే మాట

మాచర్లలో మా బ్యాండు లేకుండా పెళ్ళికొడుకు ఊరేగడు, శవం వీధి దాటదు. గెలిచిన సర్పంచికైనా, క్రిస్మస్ ఊరేగింపుకైనా అవే ఎర్రకోట్లు. అందులో డ్రమ్ము నాది, క్లారినెట్టు ఏసోబు మామది. ఆయన ఎత్తుకుంటేనే మిగతావాళ్ళం అందుకోవాలి. బ్యాండు పని లేని రోజుల్లో నాపరాళ్ళ క్వారీకి పోతాడు. అక్కడ కూడా వేళ్ళకి దెబ్బ తగలకుండా గుడ్డలు చుట్టుకుంటాడని అందరూ ఏడిపిస్తారు.

డీజేలు వచ్చాక పెళ్ళిళ్ళు తగ్గాయి. చావులకి మాత్రం మమ్మల్నే పిలుస్తారు. అదంతా మామ చలవే. చావింటికి వెళ్ళగానే ఇంటివాళ్ళని పక్కకి పిలిచి, "పోయినోళ్ళకి ఏ పాటంటే ఇష్టం?" అని అడుగుతాడు. వాళ్ళు చెప్పిందే వాయిస్తాడు. గురజాలలో ఒక ముసలాయనకి డ్యూయెట్లు ఇష్టమంటే శ్మశానం దాకా డ్యూయెట్లే వాయించాం. మొదట నవ్వినవాళ్ళే తర్వాత ఏడ్చారు.

మొన్న మామ భార్య నిర్మలత్త పోయింది. పెట్టె ఎత్తే వేళకి కోట్లు వేసుకుని వాకిట్లో నిలబడ్డాం. అలవాటు కొద్దీ నేనే అడిగాను.

"మామా, అత్తకి ఏ పాటంటే ఇష్టం?"

మామ పెట్టె వైపు చూశాడు.

"ఏమోరా. నేనెప్పుడూ అడగలా" అన్నాడు.

ఊళ్ళో చచ్చినవాళ్ళందరి ఇష్టాలూ తెలిసిన మనిషి! నాకు ఒళ్ళు మండింది, ఆ మొహం చూసి జాలీ వేసింది. మామ తన కూతురు షెర్లీని అడిగితే, "అమ్మకి చర్చి పాటలే నాన్నా" అంది. పక్కింటి వనజ ఒప్పుకోలేదు. "ఏందే, అంట్లు తోముతా సినిమా పాటలే పాడేది గదా!" ఎండ ముదురుతోందని పాస్టరు గారు తొందర పెట్టారు. మామ అందరి మొహాలూ చూస్తూ, తిరనాళ్ళలో చెయ్యి వదిలిన పిల్లాడిలా నిలబడ్డాడు.

ఏం తోచక క్లారినెట్టు మూతికి బిగించే రీడు బద్ద నోట్లో పెట్టి తడిపాడు. పలుకుతుందో లేదో చూడటానికి మూడు స్వరాలు ఊదాడు. బ్యాండుకి బయలుదేరే ముందు ఎప్పుడూ గడపలో నిలబడి ఊదేవి అవే. ఊది ఆగాడు. వంటింటి వైపు చూశాడు. మళ్ళీ అవే ఊదాడు, మళ్ళీ అటే చూశాడు.

"రీడు పోయిందా మామా?" అన్నాను.

"రీడు బాగానే ఉందిరా. మీ అత్త చెప్పలా."

ఆమె ఏం చెప్పాలో నాకు అర్థం కాలేదు. షెర్లీకి అర్థమైంది. కళ్ళైనా తుడుచుకోకుండా వంటింట్లోకి వెళ్ళి, అచ్చం వాళ్ళమ్మ విసుగుతో అరిచింది.

"బాగానే పలుకుతందిలే, ఇంక పో!"

బ్యాండుకి పోయే ప్రతిసారీ నిర్మలత్త అనే మాట అదేనట. మామ తలూపి వీధిలోకి అడుగు పెట్టాడు. సమాధుల తోట దాకా ఏం వాయించాడో ఆయనకి తెలియదు. పక్కనే డ్రమ్ము కొట్టిన నాకూ తెలియదు.