బాగా నడిచినందుకే ఆగిపోయిన చదువు గంట

2023 జూన్. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు నేను హెచ్ఎంని, అంటే ప్రధానోపాధ్యాయురాలిని. మాకు ఒక పక్క అశోక్‌నగర్ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. ఇంకో పక్క నారాయణగూడ దాకా పాత ఇళ్లు కూలగొట్టి కడుతున్న అపార్ట్‌మెంట్లు. సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలు మా గోడ పక్క టీ కొట్టు దగ్గర నిలబడి జనరల్ నాలెడ్జ్ అప్పజెప్పుకుంటుంటారు. గోడకు ఇవతల మా మూడో తరగతి వాళ్లలో చాలామందికి రెండక్షరాల మాట చదవడం రాదు.

మా పిల్లల్లో ఎక్కువమంది ఆ అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ల పిల్లలే. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, కట్టే బిల్డింగ్ సెల్లార్లోనే రేకులు అడ్డం పెట్టుకుని ఉంటారు. పని అయిపోతే మేస్త్రి ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోతారు. వాళ్లతో పాటే పిల్లల చదువూ పోతుంది.

ప్రతి బడీ ఏటా ఒక స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ రాయాలి. బడిని ఈ ఏడాది ఎలా బాగుచేస్తామో చెప్పే కాగితం అది. నిజం చెప్పాలంటే చాలా బడుల్లో నిరుటి ప్లాన్ మీద ఏడాది మార్చి పంపిస్తారు. ఆ ఏడాది మాకు రజిత అనే టీచర్ బదిలీ మీద వచ్చింది. ముప్పై దాటలేదు, మాట గట్టిది. ప్లాన్ రాద్దాం రమ్మంటే, "మేడం, రంగులు వేయిస్తం, మొక్కలు పెడ్తం అని రాయొద్దు. ఒక్కటే రాద్దాం. పొద్దున మొదటి గంట అందరం చదివిద్దాం. గదొక్కటి చేస్తే చాలు" అంది.

మొదట బేస్‌లైన్ టెస్ట్ పెట్టింది. ఏ పిల్లకు ఎంతవరకు చదవడం వచ్చో ఏడాది మొదట్లో చూసుకునే పరీక్ష అది. ఆ తర్వాత పొద్దున మొదటి గంటలో తరగతులు కలిపేసింది. అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు ఒక గుంపు, మాటలు చదివేవాళ్లు ఒక గుంపు, వాక్యాలు చదివేవాళ్లు ఒక గుంపు. ఐదో తరగతి పిల్ల అక్షరాల దగ్గర ఆగిపోతే అక్కడే కూర్చోవాలి. నేనొక గుంపు, రజిత ఒకటి, రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మా ఇంకో సారు ఒకటి. శనివారం ఎవరైనా పై గుంపుకు మారితే, సాయంత్రం రజిత వాళ్లుండే బిల్డింగ్ దగ్గరికి పోయి తల్లిదండ్రులకు చెప్పి వచ్చేది. జీతంతో పని లేని నడక అది. వద్దంటే వినేది కాదు.

మౌనిక అనే మూడో తరగతి పిల్ల అక్షరాల గుంపులో మొదలై, వానలు తగ్గేసరికి వాక్యాల గుంపు అంచుకు వచ్చింది. ఒకరోజు వాళ్లమ్మ బాలమణి సిమెంటు చేతులతోనే బడికి వచ్చింది.

"మేడం, మా పిల్ల బస్సు మీద ఊరి పేరు సదివింది. నేను ఇన్నేండ్ల సంది పట్నంల ఉన్న, నంబరు సూసి ఎక్కుడే గానీ పేరు ఎరుకలే."

సంతోషం చెప్పడానికే వచ్చిందనుకున్నాను. వచ్చిన పని వేరే.

"ఈడ పని ఒడిసింది మేడం. మేస్త్రి శంకర్‌పల్లి దిక్కు పోదామంటుండు. పిల్లను మా చెల్లె ఇంట్ల ఇడిచి పోదామనుకుంటున్న. ఆడపిల్లను ఇడిచి పోవాలంటే పానం గుంజుతుంది. సదువు వస్తదని మీరు చెప్తే ఇడిచిపోత."

"వస్తది బాలమణీ. ఈ ఏడాది పుస్తకం చదివిస్తం" అన్నాను. అప్పటికి అందులో నాకు ఇసుమంత అనుమానం లేదు. ఆమె పిల్లను చెల్లెలి దగ్గర వదిలి వెళ్లిపోయింది.

దసరా సెలవుల తర్వాత పై నుంచి తనిఖీకి వచ్చారు. మొదటి గంటలో పిల్లలు గుంపులుగా చదువుతుంటే అధికారి అలాగే నిలబడిపోయారు. రజితను మెచ్చుకున్నారు, నన్ను మెచ్చుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. ఆ సాయంత్రం నేను పిల్లలకు మైసూర్‌పాక్ తెప్పించి పంచాను. నెల తిరక్కుండా ఆర్డర్ వచ్చింది. రజితను రిసోర్స్ పర్సన్‌గా డిప్యుటేషన్ మీద వేశారు. అంటే పేరు మా బడిలోనే ఉంటుంది, మనిషి మాత్రం ఊరంతా తిరిగి మిగతా టీచర్లకు మా పద్ధతి నేర్పుతుంది.

ఆ అధికారి ఆఫీసుకు పోయి కూర్చున్నాను. "సార్, ఆమెను తీస్తే మా దగ్గర నడవదు" అన్నాను.

"మేడం, గంత మంచి ప్లాన్ ఒక్క టీచర్ మీదనే నడుస్తదా? ప్లాన్ అన్నంక ఎవరున్నా నడవాలె" అన్నారాయన, నెమ్మదిగానే.

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా ఒళ్లు మండింది కూడా అందుకే.

"అయితే బదులు ఒకరినన్నా ఇయ్యండి."

"వచ్చే నెల సూద్దాం."

ఆఫీసుల్లో చెప్పే వచ్చే నెల ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. ఉత్త చేతులతో తిరిగొచ్చాను. రజిత ముఖంలో సంతోషమూ ఉంది, సిగ్గూ ఉంది. "పోనంటే రికార్డు ఖరాబైతది మేడం. మీకు అన్నీ చెప్పి పోత" అంది. చెప్పింది కూడా. ఏ పిల్ల ఏ మాట దగ్గర తడబడుతుందో కూర్చోబెట్టి చెప్పింది. ఆమెను నేను తప్పు పట్టలేదు, ఇప్పటికీ పట్టను.

ప్లాన్ ఒక్కరోజులో పడిపోలేదు. కొన్నాళ్లు రెండు గుంపులతో లాక్కొచ్చాం. ఆ తర్వాత నాకు మీటింగులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, దానికి తోడు ఆ ఏడాది ఎన్నికల డ్యూటీ. నేను లేని రోజు సారు ఒక్కడే ఐదు తరగతులూ చూసుకోవాలి. ఆయన మోకాళ్లు పట్టుకుని కుర్చీలో కూర్చుని ఎక్కాలు చెప్పించేవాడు. చదువు గంట వారంలో కొన్ని రోజులకు తగ్గింది, తర్వాత శనివారానికి మిగిలింది, తర్వాత అదీ పోయింది. డిపార్ట్‌మెంట్ యాప్‌లో మాత్రం ఏ నెలకు ఆ నెల ఏ గుంపులో ఎందరున్నారో నింపాలి. ప్లాన్ ఆగిపోయిందని చెప్పడానికి అందులో గడి లేదు.

మౌనిక మళ్లీ వెనక్కి జారింది. విన్న పాఠం గుర్తుపెట్టుకుని గడగడా అప్పజెప్పేది, వేలు మాత్రం వేరే వరుస మీద నడిచేది. కూర్చోబెట్టి చదివిద్దామనుకుంటే ఫోన్ మోగేది. ఇంట్లో పిన్నికి చంటిపిల్ల ఉంది. బడిలో ఏమీ జరగడం లేదని ఆమెకూ తెలిసిపోయింది. ఆ పిల్లను ఆడించడానికి మౌనికను ఇంట్లో ఉంచడం మొదలుపెట్టింది.

చలి రోజుల్లో బాలమణి వచ్చింది. బడి వదిలిన తర్వాత గేటు దగ్గర నిలబడి ఉంది.

"మేడం, సదువుమంటే సదువుతలేదు. మల్ల ఎనుకటి లెక్కనే అయింది. రజిత మేడం లేదా?"

"లేదమ్మా. వేరే బడుల టీచర్లకు నేర్పనీకి పోయింది."

ఆమెకు అర్థం కాలేదు. "టీచర్లకా? ఆళ్లకు రాదా మేడం?"

"వస్తది. ఈ పద్ధతి నేర్పుతుంది" అన్నాను.

"మరి మా పిల్లలకు ఎవరు నేర్పుతరు?"

అది దెప్పిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. తర్వాత తనే అంది. "పిల్లను తీస్కపోత మేడం. సదువు లేకున్నా కండ్ల ముందరన్న ఉంటది. రాత్రి నిద్ర పడ్తలేదు నాకు."

అక్కడి బడిలో చేర్పించమని రికార్డ్ షీట్ రాసిచ్చాను. బడి మారేటప్పుడు ఇచ్చే కాగితం అది. బాలమణి దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. నన్నొక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. మౌనిక నాకు టాటా చెప్పి తల్లి వెనక పోయింది.

ఎండలు మొదలవుతుండగా నాకొక ట్రైనింగ్ ఆర్డర్ వచ్చింది. పిల్లలకు గుంపులుగా చదవడం నేర్పడం ఎలా అన్నది విషయం. అంటే మా బడి పద్ధతి నేర్చుకోవడానికి నన్నే రమ్మన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక కాచిగూడ వైపు ఒక బడి హాల్లో వెనక బెంచీలో కూర్చున్నాను. రజిత చక్కగా చెప్పింది. చివర్లో తెర మీద, మా బడిలో ఉన్నప్పుడు తీసిన ఒక వీడియో వేసింది. అందులో మౌనిక చదువుతోంది. ప్రతి మాట కింద వేలు పెట్టి, తొందరపడకుండా, తప్పు లేకుండా. హాలంతా చప్పట్లు కొట్టింది.

భోజనాల దగ్గర రజిత ప్లేటు పట్టుకుని నా పక్కకు వచ్చింది. "మౌనిక ఇప్పుడు పుస్తకాలు చదువుతుంది గద మేడం?"

జరిగింది చెప్పాను. శంకర్‌పల్లి బడికి ఫోన్ చేసి అడిగాననీ, ఆ పేరుతో ఎవరూ చేరలేదన్నారనీ చెప్పాను. రజిత అన్నం కలిపిన చెయ్యి కలిపినట్టే ఆగిపోయింది. "ఆ వీడియో తీసేస్త" అంది.

"ఉండనీ. వేరే పిల్లలకన్నా పనికొస్తది" అన్నాను. ఆ మాట మా ఇద్దరికీ రుచించలేదు. మధ్యాహ్నం సెషన్‌లో ఆమె అదే వీడియో ఇంకో బ్యాచ్‌కు వేసింది, వేయక తప్పదు కనుక.

ఈ పని చేసేవాళ్లు ఎవరైనా అడిగితే నాకు తెలిసింది చెప్తాను. ప్లాన్ రాయడం కష్టం కాదు, మొదలుపెట్టడం కూడా కాదు. అది నిలబడాలంటే ఒకరు పోయినా ఇంకొకరికి చేతనయ్యేటంత చిన్నదిగా ఉండాలి. అందుకే ఇప్పుడు మా బడిలో చదువు గంట అరగంటే. నెలకోసారి టీచర్లం గుంపులు మార్చుకుంటాం, అన్నీ అందరికీ అలవాటు కావాలని. ఆ అరగంటలో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినా ఎత్తను.

ఈమధ్య కొత్త అధికారి వచ్చారు. పిల్లల చేత చదివించి ఆశ్చర్యపోయారు. "మంచిగ చదువుతున్నరు మేడం. ఏమన్నా స్పెషల్‌గా చేస్తున్నరా?" అని అడిగారు.

"ఏం లేదు సార్, మామూలే" అన్నాను. పక్కనే ఉన్న కొత్త టీచర్ ఏదో చెప్పబోతే కళ్లతోనే వారించాను. ఆయన సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత, బాగా నడుస్తున్న పనిని పై వాళ్ల కంట పడకుండా దాచుకోవడం నేర్చుకున్నాను. ఇది నేర్చుకోవడానికి మౌనిక చదువు పోవాల్సి వచ్చింది.