రెండో కుర్చీ సంపాదన

టాక్స్ ఆఫీసు వరండాలో కూర్చున్న దగ్గర్నుంచి, క్షవరాల షాపు నడిపే సెలూనమ్మకు స్థిమితం లేదు. పక్కన మొగుడు మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మీసం దువ్వుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కులాసాగా ఉన్నాడు. ఉండడూ మరి! షాపు ఆయన పేరు మీదుంది. యజమానిగా తనను పిలిపించారని సంబరం.

"లోపల నువ్వేం మాట్లాడకు. నేను చూసుకుంటా," అన్నాడు.

ఆవిడ భయమంతా అదే.

సంగతేమిటంటే, ఆ షాపులో కుర్చీలు రెండు, పనిచేసే చేతులు మాత్రం ఆవిడవే. పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన కుడిచేతికి వణుకు పట్టుకుంది. కత్తెర పట్టాడంటే ఎదుటివాడి చెవి ఉంటుందో ఊడుతుందో చెప్పలేం. ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చునే మనిషిని చూడలేక, ఆవిడే ఆయన్ను తీసుకొచ్చి పాత కుర్చీ దగ్గర నిలబెట్టింది. ఎప్పట్నుంచో వచ్చేవాళ్లు, మంచివాళ్లు. వస్తూనే ఆయన కుర్చీలోనే కూర్చుంటారు. ఆయన గుడ్డ కప్పుతాడు, నీళ్లు చల్లుతాడు, దువ్వుతాడు. చెవికి జానెడు దూరంలో గాల్లో కత్తెర టకటకలాడిస్తూ లోకంలోని కబుర్లన్నీ చెబుతాడు. ఆఖరికి, "పనంతా అయిపోయింది. కాస్త ఫినిషింగు మా ఆవిడ చేస్తుంది, అటు కూర్చోండి," అంటాడు. అటు కూర్చున్నాకే అసలు క్షవరం. డబ్బు తీసుకునేది ఒక్కసారే.

టాక్సువాళ్లకు ఈ మర్యాదలేం తెలుసు! వాళ్ల మనిషొకడు ఒక పూటంతా వెనక బెంచీ మీద పేపరు అడ్డం పెట్టుకుని తలలు లెక్కపెట్టుకుపోయాడు. ఈ కుర్చీలో ఇందరు, ఆ కుర్చీలో ఇందరు. గుడ్డ కప్పాక వెనకనుంచి అందరూ ఒక్కలాగే ఉంటారు కదా, ఒకే తలను రెండుసార్లు లెక్కేస్తున్నానని ఆ మహానుభావుడికి తట్టనేలేదు. సగం సంపాదన దాచారు, పన్నూ జరిమానా కట్టండి అని నోటీసు వచ్చింది. అంత కట్టాలంటే షాపు అమ్ముకోవాలి. అమ్ముకుని తినేదేమిటి?

"రెండో కుర్చీకి రాబడి లేదని చెప్పేయండమ్మా, నోటీసు పోతుంది," అన్నాడు షాపు లెక్కలు రాసే ఆయన. చెప్పడానికి నోరుంది. మొగుడి ముందు చెప్పే ధైర్యమే లేదు.

పిలుపు రాగానే ఆవిడ గబుక్కున లేచింది. "ముందు నేను కాగితాలిచ్చి వస్తా. నువ్వు కూర్చో," అని ఆయన్ను వరండాలోనే ఆపింది. లోపల ఆఫీసరు ముందు నిలబడి, ఊపిరి తీసుకోకుండా కక్కేసింది.

"మా ఆయన చెయ్యి పనిచెయ్యదు సార్. ఆయన గాల్లో కత్తిరిస్తాడు."

"గాల్లోనా?"

"గాల్లోనే సార్."

ఆఫీసరుకు నవ్వు రాబోయింది. ఆవిడ మొహం చూసి ఆపుకున్నాడు. అంతా విని, "నమ్ముతానమ్మా. కానీ నా నమ్మకాన్ని ఫైల్లో పెట్టలేను కదా. ఇదే రాయిస్తాను, సంతకం పెట్టండి," అన్నాడు.

"ఇటివ్వండి సార్, పెడతా."

"మీరు కాదు. షాపు ఎవరి పేరునుందో ఆయన పెట్టాలి."

ఇక ఆయన్ను పిలవక తప్పలేదు.

ఆయన దర్జాగా లోపలికొచ్చాడు. "ఊరికే ఫార్మాలిటీ, సంతకం పెట్టేయ్," అంది ఆవిడ, కాగితం ఆయన ముందుకు తోస్తూ.

"చదవకుండా పెట్టడానికి నేనేమన్నా వెర్రివెంగళప్పనా?" అని కళ్లజోడు తగిలించుకున్నాడు.

వరుస కింద వేలు పెట్టి చదివాడు. "జబ్బు చేశాక నేను క్షవరం చేయలేకపోతున్నాను. నా కుర్చీ వల్ల షాపుకు రాబడి లేదు." అక్కడ వేలు ఆగిపోయింది.

"ఎవరు చెప్పారిది?"

"నేనే."

అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది. ఆయన పెన్ను తీసుకుని, కుడి మణికట్టును ఎడంచేత్తో పట్టుకుని, కిందా మీదా పడి సంతకం పెట్టాడు. ఆఫీసరు ఫైల్లో పాత సంతకం తీసి చూశాడు. అదేమో సాఫీగా, తోక తిప్పి పెట్టినది. ఇదేమో కోడి కెలికినట్టుంది. కలవడం లేదంటాడేమోనని ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది. ఆఫీసరు రెంటినీ చూశాడు, ఇంకా వణుకుతున్న చేతినీ చూశాడు.

"చాలు, ఇది ఫైల్లో పెట్టొచ్చు. నోటీసు రద్దు చేస్తాను," అన్నాడు.

వరండాలోకి రాగానే ఆవిడకు ఏడుపు ఆగలేదు. షాపు నిలబడింది, సంతోషించాలి. కానీ మనిషి పరువును తనే తీసి బల్లమీద పెట్టినట్టు సిగ్గుతో చచ్చిపోతోంది.

"గెలిచావుగా, ఏడుస్తావేంటే?" అన్నాడాయన.

"నీకు తెలియకుండా కానిచ్చేద్దామనుకున్నా..."

"ఏం తెలియకుండా? షాపు ఊడ్చేది నేనే కదా. నా కుర్చీ కింద ఏనాడైనా ఒక్క వెంట్రుక పడిందా?"

ఆయన మెట్లు దిగుతూ, "తెలిసిన సంగతే. రాసి చేతికిస్తే చదవడమే కష్టం," అన్నాడు. చివరి మెట్టు దిగాక, "రేపు షాపు నువ్వే తెరుచుకో. నేను తర్వాత వస్తాలే," అన్నాడు.

సరేనంది. నిజంగా వస్తావా అని అడగడానికి ఆవిడకు ధైర్యం చాలలేదు.