మా పాప గుర్తుమాట

మీది ఏ ఊరని అడగకుండా నేను ఎవరినీ నమ్మలేను. ఈ పరాయి దేశంలో మనవాళ్లు ఎక్కువగా ఉండే హారిస్ పార్క్ కొట్లో కరివేపాకు ఇచ్చే ఆవిడనీ అడిగాను. మళ్లీ ఉద్యోగంలో చేరేముందు మా ఆరేళ్ల పాప కోసం ఇంట్లోనే ఉండి పిల్లల్ని చూసుకునే అమ్మాయిని ఆన్‌లైన్‌లో వెతికినప్పుడూ మొదట అదే అడిగాను.

ముందు మాట్లాడింది ఒక ఫిజీ అమ్మాయి. వాళ్ల ముత్తాతలు ఎప్పుడో అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లట. తనే వీడియో కాల్ చేసింది, ఇంతకుముందు పనిచేసిన ఇంటివాళ్ల నంబరూ ఇచ్చింది. ఊరు అడిగేసరికి తడబడింది.

"సారీ ఆంటీ, ఐ డోంట్ నో. మా గ్రాండ్‌మాకి కూడా తెలీదు."

సొంత ఊరు తెలియని తెలుగువాళ్లుంటారా? దొంగ దొరికిపోయిందని మా ఆయనతో గొప్పగా చెప్పి, ఆ అమ్మాయికి జవాబివ్వడం మానేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

రెండో ఆవిడ ఫోన్లో గడగడా చెప్పేసింది. "మాది తెనాలి పక్కనే అక్కా. మా అమ్మమ్మగారిది దుగ్గిరాల. మీ మాట వింటుంటే ఇంటికెళ్లినట్టుందక్కా."

నేను కరిగిపోయాను. కెమెరా పాడైందని వీడియో కాల్‌కు బదులు తన ఫొటో పంపితే పాపం అనుకున్నాను. "పాప గురించి అన్నీ చెప్పండక్కా, వచ్చేలోపే అలవాటు చేసుకుంటా" అంటే ఫొటోలు పంపాను. స్కూలు పేరు, బెల్లు కొట్టే టైము, ఆఖరికి గుర్తుమాట కూడా చెప్పాను. మేము కాక వేరెవరైనా తనను తీసుకెళ్లడానికి స్కూలుకు వస్తే పాప అడగాల్సిన మాట అది. అది చెప్పినవాళ్లతోనే వెళ్లాలని నేర్పింది నేనే.

తర్వాత ఆవిడ వీసా ఖర్చులకు డబ్బు పంపమంది. మా ఆయనకు అనుమానం వచ్చి ఆవిడ ఫొటోను నెట్‌లో వెతికితే, అది ఇంకేదో దేశంలోని నర్సుది. నిలదీస్తూ మెసేజ్ పెట్టగానే ఆ నంబరు పనిచేయడం మానేసింది.

"డబ్బులేం పంపలేదుగా. ఇంక వదిలెయ్" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "డబ్బు పోయినా బాగుండేది" అని, గుర్తుమాట సంగతి అప్పుడు చెప్పాను. అతను లేచి కారు తాళాలు తీసుకున్నాడు. తిట్టినా తేలికపడేదాన్ని.

పోలీసులకు రిపోర్టు ఇచ్చాం, స్కూల్లో చెప్పాం. ఉద్యోగం వాయిదా వేసుకున్నాను. రోజూ బెల్లుకు అరగంట ముందే గేటు దగ్గర నిలబడుతున్నాను. మొన్న ఒక తెలుగావిడ నవ్వుతూ "మీది ఏ ఊరండీ?" అంటే భయమేసి పక్కకు జరిగాను. ఫిజీ అమ్మాయికి క్షమించమని రాశాను. పర్వాలేదు ఆంటీ, వేరే ఇంట్లో చేరిపోయాను అని జవాబిచ్చింది.

స్కూల్లో చెప్పివచ్చిన సాయంత్రమే పాపను కూర్చోబెట్టి, పాత మాట ఇక పనికిరాదు, కొత్తది పెట్టుకుందాం అన్నాను.

"వై?"

"అమ్మ ఒకళ్లకి చెప్పేసింది నాన్నా."

"బట్ యూ సెడ్ డోంట్ టెల్ ఎనీవన్."

పాప పక్కనే ఉన్న వాళ్ల నాన్న మెడ వంచి చెవిలో కొత్త మాట చెప్పింది. తర్వాత నా వంతు కదా అని నేనూ చెవి దగ్గరగా పెట్టాను.

పాప తల అడ్డంగా ఊపింది.

"డాడీ నోస్, మమ్మీ. దట్స్ ఇనఫ్."