ఎన్నిస్‌లో రాహుకాలం

ఒక బ్రెజిల్ ప్లంబరు గారి రిటైర్మెంటునూ, పన్నెండేళ్లు ఆయన దగ్గర పనిచేసిన మనిషి ఆశనూ గంటన్నరలో నీటిపాలు చేసిన ఘనత నాది. అదీ ఒక్క పైపైనా పగలకుండా.

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో బిజినెస్ మాస్టర్స్ చదివి, పక్కనున్న క్లేర్ జిల్లాలోని బ్రెజిల్ పనివాళ్ల చిన్న వ్యాపారాలు పెరగడానికీ, చేతులు మారడానికీ సలహాలిచ్చే ఉద్యోగంలో చేరాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో ఫీజు కూడా పోయింది.

ఆ ప్లంబరు జొవాకిమ్ గారికి అరవై ఏడేళ్లు. తన వ్యాపారాన్ని పన్నెండేళ్లుగా దగ్గర పనిచేస్తున్న మరీసాకు రాసివ్వడానికి ఆయన్ను ఒప్పించేసరికి ఎనిమిది నెలలు పట్టింది. జనవరిలో ఒక శుక్రవారం పదిన్నరకు, ఎన్నిస్ ఊళ్లో లాయరు దగ్గర సంతకాలు. ముందురోజు ఆ గొప్పను విజయవాడలో ఉన్న అమ్మకు ఫోన్‌లో చెప్పుకున్నాను.

"శుక్రవారం పదిన్నరకా? నిఖార్సైన రాహుకాలం రా! పన్నెండు దాటనీ."

"అమ్మా, ఇది ఐర్లండ్."

"అయితే? రాహువుకి వీసా కావాలా ఏంటి?"

మాస్టర్స్‌లో దీనికి జవాబు చెప్పలేదు. లాయరును బతిమాలి పన్నెండూ ఐదుకు మార్పించాను. పదిన్నరకే సూటులో దిగిన జొవాకిమ్ గారికీ, వెంట వచ్చిన మరీసాకూ లాయరు ప్రింటరు మొరాయించిందని చెప్పి, ఇద్దర్నీ ఎదురుగా ఉన్న కేఫ్‌లో కూర్చోబెట్టాను.

మూడో కాఫీకి ఆయన ఫోన్ మోగింది. పాత కస్టమరు, ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయిందట.

"నేను వెళ్తా," అంది మరీసా.

"కూర్చో. రేపట్నుంచి ఎలాగూ నువ్వే కదా," అని సూటులోనే వెళ్లారు.

సరిగ్గా పన్నెండూ ఐదుకు తిరిగొచ్చారు. మోకాళ్లు తడి, టైకి మసి, ముఖంలో కొత్త పెళ్లికొడుకు కళ.

"ప్రొఫెసర్!" నా చదువు చూసి ఆయన పెట్టిన పేరది. "బాయిలర్ నన్ను చూసి భయపడి స్టార్టయింది! నేను ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి? మొక్కలకి నీళ్లు పొయ్యాలా? ఈ వానలో? సంతకం లేదు, ఏం లేదు."

తన వ్యాను ఎక్కి వెళ్లిపోయారు. మరీసా నావైపు తిరిగింది.

"పదిన్నరకి పెన్ను ఆయన చేతిలోనే ఉంది. లాయరు ప్రింటరు బాగానే ఉందట. ఎందుకాపావు?"

ఒప్పుకున్నాను. పగటిని ఎనిమిది భాగాలు చేస్తారనీ, శుక్రవారం నాలుగోది రాహువుదనీ వివరించాను. ఆమె నవ్వలేదు. టిష్యూ పేపరూ పెన్నూ తీసింది.

"పగలంటే? ఎక్కడి పగలు?"

"...విజయవాడది."

"ఇక్కడ ఇవాళ పావుతక్కువ తొమ్మిదికి తెల్లారింది, పావుతక్కువ ఐదుకి పొద్దుగూకుతుంది." లెక్కగట్టింది. "మీ రాహువు పావుతక్కువ పన్నెండుకి వచ్చి, పావుతక్కువ ఒంటిగంటకి పోతాడు. పదిన్నరకి మనల్ని ఎవడూ ఏమీ అనేవాడు కాదు. నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రాహువు ఒళ్లో కూర్చోబెట్టావు."

పన్నెండేళ్ల నిరీక్షణకు మరో అయిదు నెలలు కలిశాయి. జూన్‌లో జొవాకిమ్ గారి నడుంనొప్పే ఆయన్ను ఒప్పించింది. సంతకాలయ్యాకే మరీసా నాకు కబురు పెట్టింది. టైమ్ ఎంతో ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: సూర్యుణ్ణి కళ్లారా చూడకుండా ఇకపై ఎవరికీ ముహూర్తం పెట్టను. మబ్బు వీడని ఈ క్లేర్‌లో ఉన్నంతకాలం ఈ ప్రతిజ్ఞ తప్పే ప్రమాదమేమీ కనబడటం లేదు.