తలవంచితే కనిపించే గుమ్మం

మా పిన్ని చేసిన ఏ నగ అయినా, కొనుక్కున్నవారి మెడకు చేరేముందు ఒకసారి ఇల్లు ఊడ్చి తీరాలి. నగను తానే ధరించి, చీపురు పట్టి, గది మూలలన్నీ వంగి ఊడుస్తుంది. పై అరలోని డబ్బా అందుకుంటుంది. మెట్లు గబగబా ఎక్కి దిగుతుంది. ఎక్కడ గుచ్చుకున్నా, మెలితిరిగినా ఆ నగను విప్పి మళ్లీ మొదలుపెడుతుంది. అందుకే మా నాన్న ఆమెకు ‘నత్త’ అని పేరు పెట్టారు. నగల దుకాణం ఆయనది. దాని వెనుకగదిలో పనిచేసే మరదలు మా పిన్ని.

ఆ గదిలో వెలుతురు బాగా పడే చోటు ఒక్కటే, కిటికీ పక్కనున్న ఆమె బల్ల. దానిమీద రంపపు తీగలు, ఆకురాళ్లు, ఎండిన గింజకాయలు. ఎదుటి గోడకు పాత భవనాల ఛాయాచిత్రాలు. ఆ చోట గొలుసులు అల్లే యంత్రం పెట్టించాలని నాన్న పట్టుబట్టారు.

“ఈ ఒక్క హారం చూస్తాను మరదలా. ఆవిడకు నచ్చలేదంటే బల్ల తీసేయాల్సిందే. నువ్వు యంత్రం పక్కన కూర్చుని కొక్కేలు తగిలిద్దువుగాని.”

“నచ్చితే?”

“యంత్రాన్ని నా నెత్తిమీద పెట్టుకుంటాను.”

“వద్దు బావా, అక్కడ మరీ నున్నగా ఉంది, జారిపడుతుంది.”

అమ్మ పక్కుమంది. నాన్న తల తడుముకుంటూ దుకాణంలోకి వెళ్లిపోయారు.

‘ఆవిడ’ అంటే పదవీ విరమణ చేస్తున్న ఒక ప్రధానోపాధ్యాయురాలు. ఆమె పాఠశాల ముందు రాతితో కట్టిన కమాను గుమ్మం ఉంది. రాళ్ల సందుల్లోంచి ఫెర్న్ మొక్కలు మొలిచి వేలాడుతుంటాయి. వీడ్కోలు సభకు ఆ గుమ్మాన్నే వెండి హారంగా ధరించాలని ఆమె కోరిక.

పిన్ని ఆ గుమ్మం ఛాయాచిత్రాన్ని గోడకు అంటించుకుని, ఆ సందుల్లోని ఫెర్న్ ఆకులనే తెచ్చి ఎండబెట్టింది. కాల్చి మెత్తబరచిన వెండి రేకుమీద ఆకును పరచి, రెండు రోలర్ల మధ్య నడిపింది. ఆకు ఈనెలతో సహా లోహంలోకి దిగిపోయింది. ఆ రేకుతోనే కమానును ఒకే ముక్కగా కోసి, రాళ్ల గీతలు చెక్కి, రెండు వైపులా గొలుసు తగిలించింది. బల్లమీద చూస్తే చూపు తిప్పుకోబుద్ధి కాలేదు.

సభ సాయంత్రం. ఆ ఉదయం పిన్ని హారం వేసుకుని చీపురు పట్టింది. వంగగానే కమాను గిర్రున తిరిగి వీపు చూపించింది. నిటారుగా నిలబడితే దాని రెండు కాళ్లూ ఛాతీమీద గుచ్చుకున్నాయి.

“గుమ్మాన్ని మెడకు కట్టుకుంటే అంతే మరి,” అన్నారు నాన్న. “తలుపొకటి తక్కువైంది.”

పిన్ని హారం విప్పేసింది. గోడమీది గుమ్మం ఛాయాచిత్రాన్ని చూడలేక, దాన్ని విసురుగా తలకిందులు చేసి అంటించింది. హారం నుంచి ఊడదీసిన గొలుసును పక్కన పడేయబోయి, పటం పైనున్న రెండు మేకులకు తగిలించింది. గొలుసు ఊగి, ఆగింది. పిన్ని కూడా ఆగిపోయింది.

“అక్కా! ఇటు రా! పొయ్యి ఆపి రా!”

అమ్మ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పిన్ని మేకులు పీకి కాస్త దగ్గరగా కొట్టేసరికి, వేలాడే గొలుసు వంపు తలకిందులైన కమాను వంపుమీద అచ్చుగుద్దినట్టు వాలింది.

“గొలుసు తనంతట తానే గుమ్మమైపోతోందే!” పిన్నికి కాళ్లు నేలమీద నిలవలేదు. “నేనేమో బిగించి బిగించి చంపుతున్నాను. విడగొట్టాలి, రాయికి రాయి విడగొట్టాలి!”

“ఇప్పుడా? నీకేమైనా మతి పోయిందా?”

అప్పటికే రంపం కదులుతోంది. కమాను రాళ్లరాళ్లుగా విడిపోయింది. ప్రతి ముక్కకూ అంచులు నునుపుచేసి, అమ్మ పట్టుకారుతో పట్టుకోగా, సన్నని వలయాలతో కలిపింది పిన్ని. నడినెత్తిన ఉండే రాయి ఇప్పుడు అడుగున లోలకమైంది. టంకం చల్లారీ చల్లారకముందే పిన్ని హారం వేసుకుని మెట్లమీద పరుగులు తీసింది. ఊడ్చింది, వంగింది, లేచింది. లేచిన ప్రతిసారీ రాళ్లు గలగలమంటూ వాటి వంపులోకి అవే జారి కూర్చున్నాయి.

ప్రధానోపాధ్యాయురాలు వచ్చారు. హారం ధరించి అద్దం ముందు నిలబడి పెదవి విరిచారు.

“ఏమ్మా, మా గుమ్మం తలకిందులైందేం?”

నాన్న గొంతు సవరించుకున్నారు. కిటికీ వైపు, బల్ల కొలత తీసుకుంటున్నట్టుగా చూశారు.

“అద్దంలో వద్దు మేడం,” అంది పిన్ని, మాట తడబడకుండా. “అద్దంలోది ఎదుటివాళ్లకి కనబడేది. మీరు తల వంచి చూడండి.”

ఆమె తల వంచారు. ఆమె కళ్లకు లోలకపు రాయి దూరంగా, పైన ఉంది. రెండు వైపుల రాళ్లూ ఆమెవైపు దిగివస్తున్నాయి. సందుల్లో ఫెర్న్ ఆకులు కిందికి వేలాడుతున్నాయి. గుమ్మం నిటారుగా నిలబడింది.

“అయ్యో, లోపలికి వెళ్తున్నట్టే ఉందే!” అన్నారామె. తల ఎత్తి, మళ్లీ వంచి చూసుకున్నారు. “పొద్దున్నే గంట కొట్టకముందు అచ్చం ఇలాగే ఉంటుంది. ఇది నేను తియ్యను. ఇలాగే సభకు వెళ్లిపోతాను.”

ఆమె వెళ్లాక నాన్న చీపురు అందుకున్నారు.

“నత్తగారూ, బల్ల కింద వెండి పొడి చాలా రాలింది,” అంటూ వంగి జాగ్రత్తగా కూడదీయసాగారు.

పిన్ని అప్పటికే ఒక ఎండిన గింజకాయను కిటికీకి ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పుతోంది.

“బావా, కొంచెం జరగండి. వెలుతురుకి అడ్డొస్తున్నారు.”