రాకపోయినా పర్వాలేదు

మా మేడ కింద ఇస్త్రీ కొట్టు ఉంది. దాన్ని నడిపే అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ ‘మడత’. చొక్కా అయినా, దుప్పటి అయినా, ఎవరో చేతిలో పెట్టిన కరపత్రమైనా సరే, నాలుగు మూలలూ కలిపి మడత పెట్టందే ఆమెకు తోచదు. ఒకసారి నేను కబుర్లలో ఉండగా నా చేతిలోని పేపరు లాక్కుని, మడిచి, నా చంకలో పెట్టింది. ఇక దయచేయమని దాని అర్థం.

కొట్టు వాళ్ళ నాన్నది. ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా మీద వాలితే ఈగ కాలు జారి పడేది. మీరు నమ్మనక్కర్లేదు. నేను కళ్ళారా చూశాను, రెండు ఈగలు పడ్డాయి.

ఆ తండ్రీకూతుళ్ళకు రోజూ ఒకటే తగువు, రెండో బొత్తాం గురించి. మడత పెట్టే ముందు అమ్మాయి అన్ని బొత్తాలూ పెట్టేది. ఆయన వచ్చి పైనుంచి రెండోది విప్పేవాడు.

“మెడ బొత్తాం పెట్టేది కాలరు నిలబడటానికి. రెండోది వదిలేది చొక్కాకి ఊపిరాడటానికి” అనేవాడు.

“చొక్కాకి ఊపిరేంటి నాన్నా? దానికి జలుబు కూడా చేస్తుందా?”

“నువ్వు తోమే తోముడికి చేసినా చేస్తుంది.”

మూలన కుర్చీలో కూర్చునే నానమ్మ కళ్ళు మూసుకునే అనేది, “ఇద్దరికీ ఆ బొత్తాం తప్ప వేరే ఆస్తి లేదు, పంచుకోండి.”

మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆయన భుజాన పొట్లం పెట్టుకుని మా మేడ మెట్లెక్కుతూ రెండో అంతస్తు మలుపులో కూలబడ్డాడు. గుండె. మనుషులు చేరేసరికే అయిపోయింది. పొట్లం మాత్రం నలగలేదు. ఆయన ఎక్కుతున్నది మూడో అంతస్తుకి, అంటే మా ఇంటికి. పొట్లంలో ఉన్నది నా తెల్ల చొక్కా. అది ఆ రోజే కావాలని కబురు పెట్టింది కూడా నేనే. అంత తొందరగా వేసుకుని నేను పెళ్ళిచూపులకు వెళ్ళేదేమీ లేదు. ఊరికే, నోటి దురద.

ఇక మడత సంగతి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది గానీ మీకు ముందే చెప్పేస్తాను. ఆ ముందు రోజు ఆమె పరధ్యానంలో నా చొక్కా మీద ఇస్త్రీపెట్టె వదిలేసింది. కుడి రొమ్ము దగ్గర ఇస్త్రీపెట్టె మూతి ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. నాన్న కేకలేశాడు. మర్నాడు పొద్దుటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యాహ్నం ఆయన పొట్లం తీసుకుని గుమ్మం దగ్గర నిలబడి రోజూలాగే “వెళ్ళొస్తా” అన్నాడు. తన ఘనకార్యం నా ముందు విప్పి చూపించి పరువు తీయడానికే వెళ్తున్నాడనుకుంది ఆమె. తల తిప్పకుండా అనేసింది.

“రాకపోయినా పర్వాలేదు.”

ఆయన నిజంగానే రాలేదు.

అప్పటినుంచి ఎవరు “వస్తానమ్మా” అన్నా ఆమె చేస్తున్న పని వదిలేసి గుమ్మం దాకా వచ్చేది. “రండి, తప్పకుండా రండి” అని వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూసేది. గొడుగులు బాగుచేసేవాడికి కూడా ఇదే మర్యాద. వాడు పెళ్ళి సంబంధమేమోనని భయపడి వారం రోజులు ఈ వీధికి రాలేదు. మా మేడ మెట్లు మాత్రం ఆమె ఎక్కడం మానేసింది. మేడ బట్టలకు ఎవరికి వాళ్ళే కిందికి రావాలి. ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. కొట్టు తీసేది, ఇస్త్రీ చేసేది, అన్ని బొత్తాలూ పెట్టేది. కాదనేవాడు లేడుగా.

ఆ చొక్కాల వరసను చూస్తే నాకు ఊపిరాడేది కాదు. ఒక రోజు ఆమె లోపల నీళ్ళు తాగుతోంది, నానమ్మ కునుకులో ఉంది. నేను బల్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. పక్కనే గోడకు అయిదు అరల చెక్క బీరువా, తలుపులు లేనిది. చెయ్యి చాపి అడుగు అరలోని ఒక చొక్కాకు రెండో బొత్తాం విప్పేసి, మళ్ళీ పేపర్లో తల దూర్చాను.

ఆమె వచ్చింది, చూసింది. తర్వాత ఆ చొక్కా మీద అరచెయ్యి ఆనించింది, జ్వరం చూసినట్టు.

మర్నాడూ విప్పాను, మూడో రోజూ విప్పాను. పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను. చిన్నప్పుడు మా కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికి మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఇది నోటితో చెప్పింది కాదు కాబట్టి లెక్కలోకి రాదని సర్దిచెప్పుకున్నాను. పైన ఎవరో లెక్క వేసుకున్నట్టున్నారు. ఆ సాయంత్రమే మెట్టు తప్పి నా చీలమండ బెణికింది. రెండు రోజులు మంచం దిగలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం గోడ పట్టుకుని కుంటుతూ కొట్టుకి దిగాను. నానమ్మ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. మడత నన్ను చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

“కూర్చోండి తాతయ్యా. మీతో పని ఉంది. మొదటి మూడు రోజులూ బొత్తాం విప్పింది మీరే కదా.”

“నేనా? బొత్తామా? నాకు నా బొత్తాలే...”

“పేపరు సిరా. బొత్తాల పట్టీ మీద మీ బొటనవేలు అచ్చు పడింది. మూడు చొక్కాలూ మళ్ళీ ఉతికాను.”

దొరికిపోయిన దొంగ చేయగల పని ఒక్కటే ఉంది. నేలచూపులు చూశాను.

“తిట్టడానికి కాదు” అందామె. “నాలుగో రోజు నుంచి మీరు రాలేదు. మధ్యాహ్నం నేను, నానమ్మ కొట్టు మూసి భోజనానికి వెళ్ళేవాళ్ళం. తాళం నా దగ్గరే ఉంది. వచ్చి చూస్తే రోజుకో చొక్కాకి బొత్తాం విప్పి ఉంది. సిరా లేదు.”

“ఏ అరలో?”

“నాలుగో రోజు రెండో అరలో. నిన్న మూడో అరలో. ఇవాళ నాలుగో అరలో.”

ఇన్నేళ్ళుగా నేను దయ్యాల కథలు ఎందరికో చెప్పాను. నా కథ లేచి వచ్చి నా పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి.

అప్పుడు చెప్పింది ఆ మాట. ఇస్త్రీబల్ల మీది గుడ్డను మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ చెప్పింది. “వస్తానన్నాడు తాతయ్యా. రాకపోయినా పర్వాలేదన్నాను. అందుకే ఇంటికి రాలేక ఇలా తిరుగుతున్నాడేమో. కోపమేమో.”

 

నానమ్మ కళ్ళు తెరవకుండానే అంది. “రాకపోయినా పర్వాలేదంటే ఏంటే అర్థం? వచ్చినా పర్వాలేదనేగా. రావద్దని అన్నావా?”

“లేదు.”

“మరి? వాడికి తెలుగు రాదా? నా కడుపున పుట్టినవాడు.”

“ఇది మడతపేచీ నానమ్మా.”

“అవును. మడతలు పెట్టే కొంపలో పేచీ ఇంకెలా ఉంటుంది?” ఇప్పుడు కళ్ళు తెరిచింది. “అన్నయ్యగారూ, మీకు చదువుంది కదా, మీరైనా చూడరేం? రెండు, మూడు, నాలుగు. పైకి ఎక్కుతున్నాడు. అయిదో అరలో ఏముంది?”

ముగ్గురం తలలెత్తాం. పై అరలో చొక్కాలు లేవు. దారంతో కట్టిన ఒకే ఒక పొట్లం దుమ్ము పట్టి ఉంది. మెట్ల దగ్గర దొరికినప్పుడు ఎవరో తెచ్చిస్తే నానమ్మ పైన పెట్టేసింది. తాకడానికి వాళ్ళకు ధైర్యం చాల్లేదు, అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

మడత స్టూలెక్కి దాన్ని దించింది. దారం ముడి తెంపకుండా గోటితో విప్పింది. కాగితం తెరిచింది.

నా చొక్కాయే. ఎడమవైపు ఎప్పుడూ ఉండే జేబు ఉంది. కుడివైపు, మచ్చ ఉండాల్సిన చోట, ఇంకో జేబు ఉంది. చొక్కా వెనక తిప్పింది. ప్యాంటులోకి దోపుకునే కింది అంచు జానెడు పొట్టిగా ఉంది. అక్కడ కత్తిరించిన గుడ్డతోనే ఆయన జేబు కుట్టాడు. చేత్తో, ఒక్కో పోగు ఎంచి కుట్టాడు. ఆమె పొద్దున్నే లేచేలోపు కూర్చుని కుట్టి ఉండాలి. కళ్ళు చికిలించి వెతికినా మచ్చ కనిపించదు. రెండో బొత్తాం విప్పి ఉంది.

“మీకు చూపించడానికి తీసుకెళ్ళలేదు” అంది మడత నెమ్మదిగా. “దాచి తీసుకెళ్ళాడు.”

ఆ కొత్త జేబులో రెండు వేళ్ళు పెట్టి చూసింది. ఖాళీ. వేళ్ళు అక్కడే ఉంచి ఏడ్చింది. మూడు నెలల ఏడుపు, బాగా ఏడ్చింది. నానమ్మ ఆపలేదు. ఇస్త్రీపెట్టె స్విచ్చి మాత్రం కట్టేసి, “ఇంకో చొక్కాకి జేబు కుట్టేవాడు లేడు ఇక్కడ” అంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

కాసేపటికి అమ్మాయి మొహం కడుక్కుని వచ్చి చొక్కా మళ్ళీ మడిచి పొట్లం కట్టింది.

“ఇటివ్వు తల్లీ, ఎలాగూ వచ్చాను.”

“కుదరదు. ఇంటికి తెచ్చివ్వడం మా పద్ధతి. మీరు పైకి వెళ్ళి ఉండండి.”

“ఈ కాలితోనా?”

“నేనూ అన్ని మెట్లూ ఎక్కాలిగా.”

నేను కుంటుతూ, తిట్టుకుంటూ మూడు అంతస్తులూ ఎక్కి తలుపు తీసుకుని నిలబడ్డాను. పది నిమిషాలకు కింద చెప్పుల చప్పుడు వినిపించింది. మొదటి అంతస్తు దాటింది. రెండో అంతస్తు మలుపులో ఆగిపోయింది. తర్వాత ఆమె గొంతు, పక్కింటివాళ్ళతో మాట్లాడినంత మామూలుగా, పైకి వచ్చింది.

“ఇచ్చేసి వస్తా నాన్నా. ఇక రాకపోయినా పర్వాలేదు.”

చెప్పుల చప్పుడు మళ్ళీ మొదలైంది. గుమ్మంలోకి వచ్చి పొట్లం నా చేతిలో పెట్టింది. “ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. వెళ్ళొస్తా తాతయ్యా” అని దిగిపోయింది, రెండేసి మెట్లు.

ఆ తర్వాత కొట్టులో ఏ బొత్తామూ దానంతటది విడిపోలేదు. అవసరమూ లేదు, ఇప్పుడు ఆమే వదిలేస్తోంది. కొత్తవాళ్ళెవరైనా బొత్తాం మర్చిపోయావంటే, “చొక్కాకి ఊపిరాడాలండీ” అంటుంది. మేడ బట్టలన్నీ తనే పైకి తెచ్చిస్తుంది. నా చొక్కాకు ఒక జేబులో కళ్ళజోడు, ఇంకో దాంట్లో పిప్పరమెంట్లు ఉంటాయి. వంగితే మాత్రం వెనక నడుము కనిపిస్తుంది. అందుకే ఎవరికీ వంగను.

మొన్నొకసారి అడిగింది, “ఆ రోజు మెట్ల మీద నేనన్నది మీకు వినపడిందా?”

“ఏ మాటా వినపడలేదమ్మా. పెద్దవాణ్ణి కదా, చెవులు సరిగా పనిచేయవు” అన్నాను.

ఇది మాత్రం నోటితో చెప్పిన అబద్ధమే. సిస్టర్లు ఉంటే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నిలబడేవాణ్ణి.